ఇంటికి ఏ కంప్యూటర్ తేవాలి?

(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం ఉపాధ్యాయుణ్ణి. సభల్లో మాట్లాడవలసి వస్తే ఉర్దూలోనే మాట్లాడటం నాకు అలవాటు. కాని ఈసారి తెలుగులో మాట్లాడమని సెక్రెటరీ గారు కోరారు. కారణం మీకు తెలిసిందే. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బడిలో చదివేది తెలుగు, ఇంగ్లీషు. సావనీరులో ఉర్దూ పేజీలు వస్తే తాతలు చదువుతారు, మనవలు తిప్పేస్తారు. కనుక తెలుగులోనే నాలుగు మాటలు మనవి చేసుకుంటాను. తప్పులుంటే మాఫ్ చేయాలి.

ఈ సంవత్సరం మన సొసైటీ ముందు ఒక ప్రశ్న ఉంది. చదువుకునే పిల్లలున్న పేద కుటుంబాలకు కంప్యూటర్ సాయం చేయాలని అందరం ఒప్పుకున్నాం. ఐతే ఏది కొనాలి అన్న దగ్గర రెండు అభిప్రాయాలు వచ్చినయ్. పది మందికి పది ట్యాబ్‌లు ఇద్దాం, ఎక్కువ ఇళ్ళకు చేరుతుంది అని కొందరంటారు. అయిదు కంప్యూటర్లే ఇద్దాం, కాని గట్టివి ఇద్దాం అని కొందరంటారు. రెండు వైపులా ఉన్నది మంచి మనసే. తీర్మానం చేసే ముందు అసలు మనుషులు ఒక రకం యంత్రాన్ని కాదని ఇంకో రకం ఎందుకు తెచ్చుకుంటారు అన్న సంగతి ఆలోచిస్తే మనకు దారి దొరుకుతుందని నా నమ్మకం.

ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్ అనేది 1977లో అమెరికాలో బజారుకు వచ్చింది. ఆ ఒక్క సంవత్సరంలోనే ఆపిల్ 2, కమొడోర్ పెట్, టి.ఆర్.ఎస్. 80 అనే మూడు యంత్రాలు వచ్చినయ్. 1982లో ఇంగ్లాండులో సింక్లెయిర్ స్పెక్ట్రమ్ వచ్చింది. దాని ధర 125 పౌండ్లతో మొదలైంది. అదే కాలంలో అక్కడి బడుల కోసమని బి.బి.సి. పేరు మీద ఏకార్న్ కంపెనీ చేసిన కంప్యూటర్ ఉండేది. దాని పెద్ద నమూనా ధర 399 పౌండ్లకు చేరింది. ఇప్పుడు ఇంట్లో గొడవ చూడండి. నాన్న బి.బి.సి.ది కొందామంటాడు, బడిలో అదే ఉంది గనుక. పిల్లవాడు స్పెక్ట్రమ్ కావాలంటాడు, స్నేహితుల దగ్గర అదే ఉంది గనుక, ఆటల క్యాసెట్లు మార్చుకోవచ్చు గనుక. ఏ యంత్రం లోపల ఏముందో తండ్రికీ పూర్తిగా తెలియదు, కొడుక్కీ తెలియదు. ఇద్దరూ చూసేది ఒకటే, మన చుట్టూ ఉన్నవాళ్ళు ఏది వాడుతున్నారు అని.

మన దేశంలోనూ ఇలాగే జరిగింది. 1984లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం పెట్టి, మొదట దాదాపు 250 బడులకు ఆ బి.బి.సి. కంప్యూటర్లనే ఇచ్చింది. స్పెక్ట్రమ్‌ను కూడా డెసిబెల్స్ అనే కంపెనీ అనుమతి తీసుకొని ఇక్కడ అమ్మింది. ఐతే మన ఆఫీసులు, బ్యాంకులు వీటి వైపు చూడలేదు. అవి 1981లో ఐ.బి.ఎం. తెచ్చిన పి.సి. దారిలో పోయినయ్. బడిలో నేర్చింది ఒకటి, నౌకరీలో అడిగేది ఒకటి అయ్యేసరికి ఇళ్ళలోకి చివరికి వచ్చింది పి.సి.యే.

ఇక్కడ నా సొంత ఇంటి ముచ్చట ఒకటి చెప్పాలి. మా మామూ కువైట్‌లో పని చేసేవారు. 1989లో సెలవు మీద వచ్చినప్పుడు ఒక కంప్యూటర్ తెచ్చారు. టీవీకి తగిలించేది. దాని పేరు సఖ్ర్. కువైట్‌లో 1982లో మొదలైన కంపెనీ అది. ఎం.ఎస్.ఎక్స్. అనే జపాన్ రకం యంత్రానికి అరబ్బీ అక్షరాలు నేర్పించి అమ్మింది. మీట నొక్కితే టీవీ మీద అలిఫ్, బే కనబడేసరికి మా నానీ కళ్ళకు అద్దుకున్నంత పని చేసింది. మొహల్లా అంతా వచ్చి చూసిపోయింది. అరబ్ దేశాల్లో ఆ యంత్రాన్ని జనం ఎందుకు కొన్నరు అంటే, అది వాళ్ళ లిపిలో మాట్లాడింది గనుక. అంతకంటే పెద్ద కారణం వెతకనక్కర లేదు.

కాని మా ఇంట్లో దాని కథ ఆర్నెల్లే. రెండు క్యాసెట్ లాంటి పెట్టెలు వచ్చినయ్, అవి ఆడించటం అయిపోయింది. మూడోది కావాలంటే హైదరాబాదులో దొరకదు. తీగ ఊడితే చూసేవాడు లేడు. అడుగుదామంటే అలాంటిది ఇంకొకరి ఇంట్లో లేదు. మరుసటి సంవత్సరం, 1990 ఆగస్టులో, కువైట్ మీద ఇరాక్ దాడి జరిగింది. లక్షా డెబ్బై వేల మంది దాకా భారతీయులను విమానాల మీద వెనక్కు తెచ్చినప్పుడు మామూ కూడా ఒక్క సంచీతో దిగారు. ఇక ఆ యంత్రం గురించి అడిగినవారు లేరు. అది అల్మారాలోనే ఉండిపోయింది. ఎంత మంచి యంత్రమైనా అడిగేందుకు మనిషి, బాగు చేసేందుకు చెయ్యి దగ్గర లేకపోతే అది అలంకారమే. ఆ వయసులో నాకు అర్థం కాలేదు గాని, ఈ రోజు మనం చేసే తీర్మానానికి ఆ అల్మారా చాలా పనికొస్తుంది.

ఇక మన అమీర్‌పేట్ సంగతి. నేను కాలేజీకి పోయే రోజులకు, అంటే 1990ల చివరికి, ఇక్కడి రూపమే మారింది. సారథీ స్టూడియో, సత్యం థియేటర్ పేర్లతో గుర్తుపట్టే చోటు మైత్రీవనం పేరుతో గుర్తుపట్టేదైంది. ఆదిత్యా ఎన్‌క్లేవ్‌లో, నీలగిరి బ్లాకులో గది గదికీ ఒక ఇన్‌స్టిట్యూట్. 2000 సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న భయంతో ప్రపంచమంతా కోబాల్ తెలిసినవాళ్ళ కోసం వెతికింది. గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి, కర్నూలు నుంచి పిల్లలు వచ్చి ఇక్కడి హాస్టళ్ళలో దిగారు. క్లాసు పొద్దున్న ఆరింటికి, నోట్సు జిరాక్సు దుకాణంలో. ఆ సత్యం థియేటర్ చోట 2023లో కొత్త మాల్ లేచింది, 2017 నుంచి మెట్రో తిరుగుతోంది, ఐనా అమీర్‌పేట్ అంటే కోర్సు అనే మాట పోలేదు.

ఈ కోర్సులన్నీ నేర్పింది ఏ యంత్రం మీద? పి.సి. మీద, ఎక్కువగా విండోస్ మీద. పగలు గంటసేపు నేర్చింది రాత్రి ఇంట్లో చేసి చూడాలంటే ఇంట్లోనూ అదే ఉండాలి. మరి కొనేది ఎక్కడ? కంపెనీ డబ్బా కొనాలంటే చేతులు కాలే ధర. అందుకని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, మనవాళ్ళ భాషలో సి.టి.సి.కి, పోయేవారు. ఐ.బి.ఎం. తన పి.సి.లో బయట దొరికే విడిభాగాలే వాడింది, అది ఎలా చేయబడిందో దాచలేదు. అందువల్ల ఎవరైనా మదర్‌బోర్డు ఒకచోట, ర్యామ్ ఒకచోట, హార్డ్‌డిస్క్ ఒకచోట కొని బిగించుకోవచ్చు. దర్జీ దగ్గర కొలత ఇచ్చి కుట్టించుకున్నట్టు కంప్యూటర్ కుట్టించుకున్నాం. దాన్నే అసెంబుల్డ్ అన్నరు. ఆపిల్ మెకింటాష్ ఎంత గొప్పదైనా మన గల్లీలోకి రాకపోవటానికి కారణం ఇదే. దాని పార్టు సి.టి.సి.లో చేతికి దొరకదు, దాన్ని విప్పే కుర్రవాడు మన గల్లీలో లేడు.

2003లో నౌకరీ వచ్చిన కొత్తలో నేనూ ఒకటి కుట్టించుకున్నాను. రూ. 26,000 అయింది. సగం నా జమా, సగం మా పెద్ద భాయ్‌జాన్ ఇచ్చిన ఖర్జె హసనా. దుకాణదారు చిట్టీ మీద ర్యామ్ 256 ఎం.బి. అని రాసిచ్చాడు. మూడు నెలల తరువాత అమీర్‌పేట్‌లో హార్డ్‌వేర్ కోర్సు చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చి, రెండు నొక్కులు నొక్కి, "సార్, ఇందుల ఉన్నది 128యే" అన్నడు. చిట్టీ తీసుకొని పోయాను. "అది బిల్లు కాదు మాస్టారూ, అంచనా" అన్నారు. దుకాణం పేరు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. తప్పు నాది కూడా ఉంది. పెళ్ళికి మేకను కొన్నా పళ్ళు చూస్తాం, అన్ని వేలు పోసి లోపలికి తొంగి చూడలేదు. అసెంబుల్డ్ చౌక అన్నది నిజం, కాని ఆ చౌక తెలిసినవాడు పక్కన ఉంటేనే. తెలిసినవాడు లేని ఇంటికి కంపెనీది కొనటం దుబారా కాదు. ఎక్కువ ఇచ్చే రూపాయి, రేపు ఎవరిని అడగాలో తెలియటం కోసం ఇచ్చే రూపాయి.

ఇప్పుడు నా మనసుకు దగ్గరైన మాట చెబుతాను. నేను ఆ కంప్యూటర్ కొన్నది దేనికి? ఉర్దూ ప్రశ్నపత్రాలు తయారు చేసుకోవటానికి. మన ఉర్దూ నస్తాలీఖ్‌లో రాస్తాం. అక్షరాలు పై నుంచి కిందికి జారుతూ ఒకదాని ఒళ్ళో ఒకటి కూర్చుంటాయి. ఇది యంత్రానికి లొంగలేదు. అందుకనే తెలుగు, ఇంగ్లీషు పత్రికలు సీసపు అక్షరాలతో అచ్చయిన కాలంలో కూడా ఉర్దూ పత్రికలను కాతిబులు చేతితో రాసేవారు. మద్రాసులో 1927లో మొదలైన ముసల్మాన్ పత్రిక ఆ పద్ధతిని ఎన్నో దశాబ్దాలు నిలబెట్టింది. మన హైదరాబాదులో 1949లో మొదలైన సియాసత్ తొలినాటి పేజీలు కూడా కాతిబుల కలం పుణ్యమే. 1981లో పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ గారు వేలకొద్దీ అక్షరకూటములను చేత రాసి మోనోటైప్ కంపెనీతో కలిసి నూరీ నస్తాలీఖ్‌ను యంత్రంలోకి ఎక్కించారు. తరువాత 1994లో ఢిల్లీలోని కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ వారు ఇన్‌పేజ్ తెచ్చారు. అది నడిచేది విండోస్ మీద. అంతే, ఉర్దూవాడి కంప్యూటర్ ఏదో ఆ రోజే తేలిపోయింది. వలీమా కార్డు కొట్టేవాడు, మదర్సా రసీదులు కొట్టేవాడు, నా వంటి టీచరు, అందరూ విండోస్ పి.సి.యే కొన్నరు. తెలుగు డి.టి.పి. సోదరులకు అనూ ఫాంట్లతో ఇదే అనుభవం. జాతీయ ఉర్దూ కౌన్సిల్ 1996లో ఏర్పడిన తరువాత దేశమంతటా నడిపించిన కంప్యూటర్ కేంద్రాల్లో ఎంతోమంది ఆడపిల్లలు, మగపిల్లలు ఉర్దూ డి.టి.పి. నేర్చి పొట్టపోసుకున్నారు.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. మనలో ఎక్కువ మంది వాడినవి కొన్న ప్రతులు కావు. విండోస్ దొంగ ప్రతి, ఇన్‌పేజ్ దొంగ ప్రతి. నేనూ కొన్నేళ్ళు అదే వాడాను. పిల్లలకు అమానత్ గురించి పాఠం చెప్పి, ఆ పాఠం ప్రశ్నపత్రాన్ని దొంగ ప్రతి మీద కొట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ బలవంతం లేదు. యూనికోడ్ వచ్చాక ఉర్దూ ఏ యంత్రం మీదనైనా రాయవచ్చు, నస్తాలీఖ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, ఫోన్లలో కూడా ఉన్నాయి. లైనక్స్ అనే వ్యవస్థకు పైసా ఇవ్వనక్కర లేదు. కేరళ ప్రభుత్వ బడులు ఎన్నో ఏళ్ళుగా దాని మీదనే నేర్పుతున్నాయి. మన సొసైటీ ఇచ్చే యంత్రంలో ఏది ఉన్నా హలాలుగా ఉండాలి అన్నది నా మొదటి విన్నపం.

ఇక 2020. కరోనా వల్ల బడులు మూసి, సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో టి-శాట్, యాదగిరి ఛానళ్ళ మీద, ఫోన్ల మీద పాఠాలు మొదలైనయ్. నా క్లాసులో చురుకైన ఒక అమ్మాయి ఉండేది. పదో తరగతి. మొదటి పది రోజులు ఫోన్‌లో కనిపించింది, తరువాత లేదు. వాళ్ళింటికి పోయి అడిగితే వాళ్ళ అమ్మ తల వంచుకొని, "మాస్టర్ సాబ్, ఇంట్ల ఉన్నది ఒక్క ఫోను. పిల్లగాడు డెలివరీ పనికి పోతుండు, ఫోను లేకుంటె వానికి ఆర్డర్ రాదు" అన్నది. అన్నను తప్పు పట్టగలమా? ఇంటిల్లిపాదికీ వాడే అన్నం పెడుతున్నాడు. కాని ఆ యేడు ఆ అమ్మాయి చదువు ఏమైందో నాకు తెలుసు. ఇప్పటికీ ఆ గల్లీలో పోతే వాళ్ళ తలుపు వైపు చూడలేను.

అప్పటి నుంచి నేను ఒక సంగతి గమనిస్తున్నాను. ఫోనుగాని ట్యాబ్‌గాని జేబులో, చేతిలో పట్టే వస్తువు. ఇంట్లో ఎవరి చెయ్యి పెద్దదో వారి చేతికి పోతుంది. పొద్దున అన్న, మధ్యాహ్నం మామ, రాత్రి కార్టూన్ల కోసం చిన్నవాడు. డెస్క్‌టాప్ అలా కాదు. బల్ల మీద పెట్టి ప్లగ్గు పెట్టినది బల్ల మీదే ఉంటుంది. అది ఇంటిది. అన్న బయటికి పోయినా అది ఉంటుంది, ఆడపిల్ల కూర్చోవచ్చు. అందరి కళ్ళ ముందు ఉంటుంది గనుక ఏం చూస్తున్నారో అన్న బెంగ అమ్మానాన్నలకు తక్కువ. కరెంటు పోతే ఆగుతుంది, నిజమే. ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఒక్క గది ఇళ్ళలో అది కష్టమే. అలాంటి ఇంటికి ల్యాప్‌టాప్ మేలు. అందుకే అందరికీ ఒకటే అని నేను అనను.

ఇంకో కారణం, పరీక్షలు. మన రాష్ట్రంలో ఇంతకు ముందు ఎంసెట్ అనే పేరున్న పరీక్షను 2018 నుంచి కంప్యూటర్ మీదనే రాయాలి. జె.ఇ.ఇ. మెయిన్ 2019 నుంచి అంతే. 2024లో టెట్, డి.ఎస్.సి. కూడా కంప్యూటర్ మీదనే జరిగినయ్. ఉర్దూ మీడియం పోస్టుల కోసం కూర్చున్న మన అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు నాతో అన్నరు, "సార్, జవాబు తెలుసు, మౌస్ పట్టుకోవటానికే చెయ్యి వణికింది" అని. ఫోన్ మీద వేలితో గీకటం వచ్చిన పిల్లకు పెద్ద తెర, మౌస్, కీబోర్డు రావు. పంజాగుట్టలో, అమీర్‌పేట్‌లో ఏ ఆఫీసులో నౌకరీకి పోయినా ఎక్సెల్ వచ్చునా, ట్యాలీ వచ్చునా అని అడుగుతారు. ఫోన్‌లో రీలు చూడటం వచ్చునా అని ఎవరూ అడగరు.

పాతవి బాగు చేసి అమ్మే డెస్క్‌టాప్‌లు ఇప్పుడు బజారులో బాగా దొరుకుతున్నాయి. కంపెనీ ఆఫీసులు మార్చినప్పుడు బయటికి వచ్చేవి ఇవి. కాని జాగ్రత్త. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగినయ్. విండోస్ 11 నడవాలంటే ఇంటెల్ ఎనిమిదో తరం లేక దాని తరువాతి ప్రాసెసర్, టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇదేమీ చూడకుండా "ఐ5 ఉంది, బ్రహ్మాండం" అనే మాట నమ్మి కొంటే నా 128 ఎం.బి. కథే మళ్ళీ. పాతకాలపు ఐ5 కంటే కొత్త ఐ3 మేలు కావచ్చు. తరం తక్కువైనది మరీ చౌకగా వస్తే దానిలో లైనక్స్ వేసుకోవచ్చు, పిల్లల చదువుకు సరిపోతుంది. హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్.ఎస్.డి. వేయిస్తే ముసలి యంత్రం కూడా లేచి నడుస్తుంది.

కనుక పెద్దలారా, యంత్రం పేరు అడిగే ముందు ఇంటిని మూడు ప్రశ్నలు అడుగుదాం. ఒకటి, దీని మీద చేయబోయే పని ఏమిటి, పరీక్షా, కోర్సా, టైపింగా? రెండు, ఇంట్లో దీని ముందు కూర్చునేది ఎవరు, ఎవరి చేతిలో నుంచి ఎవరూ లాక్కోలేరు? మూడు, ఆగిపోతే రేపు పొద్దున ఎవరి తలుపు తడతారు? ఈ మూడిటికి జవాబు వస్తే ఏది కొనాలో దానంతట అదే తెలుస్తుంది.

నా ఓటు అయిదు కంప్యూటర్లకే. ఆడపిల్లలు చదువుకునే ఇళ్ళకు మొదటి వంతు. పది ట్యాబ్‌లు పంచితే ఫోటో బాగా వస్తుంది, నాకు తెలుసు, సావనీరులో పేజీ నిండుతుంది. కాని ఏడాది తరువాత ఎన్ని పని చేస్తున్నయో, ఎవరి చేతిలో ఉన్నయో ఫోటోలో కనబడదు. మిగిలిన అయిదిళ్ళ పిల్లలను ఏం చేద్దాం అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మన సొసైటీ గదిలో రెండు కంప్యూటర్లు పెట్టి, అసర్ నుంచి ఇషా దాకా తెరిచి ఉంచుదాం. ఆడపిల్లలకు వేరే సమయం పెడదాం. వారానికి మూడు రోజులు నేను వచ్చి కూర్చుంటాను. అమీర్‌పేట్‌లో కోర్సులు చేసి నౌకరీల్లో ఉన్న మన అబ్బాయిలు, అమ్మాయిలు ఈ సభలోనే పది మందికి తక్కువ లేరు. నెలకు ఒక్క ఆదివారం ఇస్తే చాలు, ఇచ్చిన ప్రతి యంత్రాన్నీ ఇంటికి పోయి చూసి రావచ్చు. ఆనాడు మా అల్మారాలో ఉన్న సఖ్ర్‌కు లేనిది అదే, చూసే మనిషి. అది మన దగ్గర ఉంది.

నా మాటతో ఏకీభవించని పెద్దలు ఉంటే ఇప్పుడే లేచి చెప్పాలని కోరుతున్నాను. మష్వరాలో బరకత్ ఉంది. తీర్మానం ఏదైనా నేను దానికి కట్టుబడి పని చేస్తాను.  అల్లాహ్ మన పిల్లలకు ఉపయోగపడే ఇల్మ్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.

ఖుదా హాఫిజ్.